ఇంట్ల చూసినంక

నిరుడు ఎండకాలం నా మొహం మీది తోలు రెండుసార్లు ఊడింది. మొదటిసారి ఊడినప్పుడు సంతోషపడ్డాను.

నాకు చెంపల మీద మంగు ఉండేది. ముక్కుకు రెండు పక్కలా, పై పెదవి మీద. కొడుకు కడుపులో ఉన్నప్పుడు మొదలైంది. వాడు ఇప్పుడు కరీంనగర్‌లో హాస్టల్లో ఉండి పాలిటెక్నిక్ చదువుతున్నాడు. మంగు అట్లనే ఉండిపోయింది. మా అత్త భూమవ్వ దాన్ని శని అనేది. మంగు దిగితే శని దిగుతుందని చెప్పి ఎర్రచందనం అరగదీసి పూసేది. నాకు శనితో ఇబ్బంది లేదు. నేను జాకెట్లు కుడతాను. కొలతలు తీసేటప్పుడు మనిషి మొహం మనిషి మొహానికి దగ్గరగా ఉంటుంది. వచ్చినవాళ్లు నా చెంపలు చూసి, మొహానికి ఏం రాస్తున్నవు వినోదక్కా అని అడిగేవాళ్లు. దానితో ఇబ్బంది ఉండేది.

మాది నస్పూర్. బొగ్గుబాయి వాళ్ల క్వార్టర్లలో ఉంటాం. నా భర్త శ్యాంసుందర్ బాయిలో సర్దారు. షిఫ్టు వాళ్లు పనిలోకి పోకముందే ఆయన పోయి కర్రతో పైకప్పు కొట్టి చప్పుడు వింటాడు, గ్యాసు చూస్తాడు. ఆయన సరే అంటేనే మిగతావాళ్లు లోపలికి పోతారు.

ఆయన చెల్లెలు మమతారాణి ఆదిలాబాద్‌లో అత్తగారింట్లో పొసగక మా దగ్గరికి వచ్చేసింది. కరీంనగర్‌లో బ్యూటీషియన్ కోర్సు చేసింది. ముందు గదిలో నా మిషన్ మూలకు జరిపి, ఆమెకు అద్దం, కుర్చీ పెట్టించాం. జరపమని నన్నెవరూ అడగలేదు. నేనే జరిపాను. ఆ పిల్ల అద్దం ముందు నిలబడి కుర్చీని ఒకసారి గుండ్రంగా తిప్పింది. ఇంక ఎవ్వలింటికి పోయేది లేదు వదినె అన్నది. మా పెండ్లి నాటికి ఆమె బడికి పోయేది. జడలు నేనే వేసేదాన్ని.

శివరాత్రి దాటిన తర్వాత ఒక చిన్న డబ్బా నా చేతిలో పెట్టింది. డబ్బా మీద పేరు లేదు. లోపల పసుపు కలిసిన తెలుపులో క్రీము.

"రెటినాల్ అంటరు వదినె. పెద్దపెద్దోళ్లు రాసుకునేది. మంగుకు దీన్ని మించింది లేదు. రోజు రాత్రి మొహమంత రాయి" అన్నది.

నువ్వు రాసుకున్నవా అని అడిగాను. నేను కూడ రాసుకుంటున్న అన్నది. అవ్వకు మాత్రం చెప్పొద్దన్నది. అవ్వకు మందులంటే పడదు, డబ్బా తీసి మోరీల ఏస్తది అన్నది. అది నిజమే. భూమవ్వ నొప్పుల గోలీలు కూడా దిండు కింద దాచి, మింగిన అని చెప్పే మనిషి.

రాశాను. నాలుగైదు రాత్రులకు మొహం బిగుసుకున్నట్టు అయింది. సబ్బు తగిలితే చురుక్కుమనేది. తర్వాత ముక్కు పక్కల నుంచి తవుడు లాగా పొట్టు లేచింది. జాకెట్ గుడ్డ మీద రాలితే దులుపుకునేదాన్ని. మమత నా చెంప మీద వేలు పెట్టి చూసింది. పాత తోలు పోతున్నదని, మంగు దాని వెంటే పోతుందని చెప్పింది. మండుతాంది అంటే, మండాలె అన్నది.

నమ్మాను. పుండు మీద మందు మండితేనే పని చేస్తున్నట్టని మా దగ్గర లెక్క. గోడకు పాత సున్నం గీకకుండా కొత్త సున్నం వేస్తే నిలువదు. అట్లనే అనుకున్నాను. డబ్బాలో వేలు ఇంకా లోపలికి పెట్టాను.

శ్యాంసుందర్ కూడా నన్ను చూడడం మొదలుపెట్టాడు. మొదటి షిఫ్టు చేసి వచ్చి, స్నానం చేసి, నన్ను తలుపు దగ్గరికి రమ్మనేవాడు. గదుమ కింద వేలు పెట్టి మొహం వెలుతురుకు తిప్పేవాడు. మండుతాందా అని అడిగేవాడు. ఎంత రాసినవ్ అని అడిగేవాడు. చెప్పేదాన్ని. పెండ్లయిన కొత్తలో కూడా ఆయన నా మొహం అంతసేపు చూడలేదు. ఆయన వచ్చే వేళకు చీర మార్చుకోవడం అలవాటు చేసుకున్నాను. తలుపు పక్కకు స్టూలు వేసుకొని గుండీలు కుడుతూ కూర్చునేదాన్ని. ఏందే, ఇంట్ల లైటు పోయిందా, గడప మీద కూసున్నవు అని భూమవ్వ నవ్వేది.

ఉగాది వచ్చింది.

ఉగాది నాడు మా ఇంట్లో అందరికీ నలుగు భూమవ్వే పెడుతుంది. శనగపిండి, పసుపు, బావంచాలు, కచ్చూరాలు కలిపి నువ్వుల నూనెతో తడిపి, వెనక నల్లా దగ్గర పీట వేస్తుంది. కొడుకైనా కోడలైనా ఆ పీట మీద కూర్చోవాలి. మొహం, మెడ, చేతులు మట్టి ఉండలు ఉండలుగా రాలేదాకా రుద్దుతుంది. ముందు శ్యాంసుందర్ కూర్చున్నాడు. తర్వాత మమత.

"అవ్వా, బోల్లు తోముతున్నవా మొహం రుద్దుతున్నవా?" అని మమత నవ్వింది.

"బోల్లు నయం. నోరు మూసుకొని ఉంటయి" అన్నది భూమవ్వ.

నేను కూర్చున్నాను. పిండి చెంపకు తగలగానే మిరపకాయ తొక్కు పెట్టినట్టయింది. అత్తమ్మా మండుతాంది అన్నాను. పండుగ పూట పిండి మండుతదా, కూసో, శని వదులుతాంది అన్నది భూమవ్వ. చెంప మీద చెయ్యి గుండ్రంగా తిప్పింది. నేను మమత వైపు చూశాను. ఆమె దండెం దగ్గర తల తుడుచుకుంటున్నది. నన్ను చూసింది. తువ్వాల తలకు చుట్టుకొని లోపలికి పోయింది.

నీళ్లు పోసుకున్నాక మొహం ఎర్రగా ఉన్నది. పచ్చడి తినేసరికి వాచింది. సాయంత్రానికి రెండు చెంపల మీద తోలు లేచి నీరు కారడం మొదలైంది. భూమవ్వ విసనకర్రతో విసురుతూ నా పక్కనే కూర్చున్నది.

మరునాడు శ్యాంసుందర్ నన్ను మంచిర్యాలలో చర్మం డాక్టరు దగ్గరికి తీసుకుపోయాడు. డాక్టరు డబ్బా మూత తీసి వాసన చూశాడు, ఇందులో ఏమున్నదని అడిగాడు. రెటినాల్ అన్నాను. ఎంత కలిపారో, ఎవరు కలిపారో అడిగాడు. మా ఆడిబిడ్డ కలిపిందని చెప్పాను. ఆ మందు చెడ్డది కాదని, దానికి పద్ధతి ఉన్నదని డాక్టరు అన్నాడు. మొదట్లో పప్పుగింజంత, వారానికి రెండు రాత్రులు. తోలు అలవాటు పడ్డ తర్వాత పెంచాలి. పొద్దున ఎండకు అడ్డం పడే క్రీము రాయాలి. పొట్టు లేస్తే ఆపాలి. ఆ మందు రాసేవాళ్లు మొహాన్ని దేనితోనూ రుద్దకూడదు. ఇవి మీకు చెప్పలేదా అని అడిగాడు. చెప్పలేదన్నాను.

మంగు పోతుందా అని అడిగాను. ఇప్పుడు దాని మాట వదిలిపెట్టండి అన్నాడు డాక్టరు. కాలిన చోట ఇంకా నల్లగా అవుతుంది, తగ్గడానికి నెలలు పడుతుంది అన్నాడు.

శ్యాంసుందర్ లేచేముందు ఒకటి అడిగాడు.

"అండ్ల సగమే రాస్తే ఏమైతుండె సార్?"

సగం రాసి, రోజు మార్చి రోజు రాసి, రుద్దకుండా ఉంటే ఇంత కాకపోవచ్చని డాక్టరు చెప్పాడు. నా కోసం అడిగాడనుకున్నాను. బండి మీద వచ్చేటప్పుడు ఆయన వీపుకు తల ఆనించుకున్నాను.

ఇంటికి వచ్చాక డాక్టరు అన్నదంతా భూమవ్వకు చెప్పాను. ఇది క్రీముతో అయింది అత్తమ్మా అన్నాను. మమత అడ్డం వచ్చింది. క్రీము తను కూడా రాసుకుంటున్నానని తల్లికి చెప్పింది.

"ఒకటే క్రీము, ఒకటే పిండి. నాకు ఏమన్న అయిందా అవ్వా? వదినెకు గట్టిగ రుద్దినవ్ నువ్వు."

భూమవ్వ కూతురి మొహం చూసింది, నా మొహం చూసింది. మమత చెంపలు ఎప్పటిలాగే ఉన్నాయి. ఒకరి తోలు ఒకరికి ఉండదు గదా అన్నాను. భూమవ్వ వినలేదు. అప్పటి నుంచి నా మొహానికి మందు రాయడానికి కూడా చెయ్యి చాపలేదు. నా మంచం దగ్గర నీళ్లు పెట్టి పోయేది. కూరలో కారం తగ్గించింది. ఒకసారి వంటింట్లో చేతులు తిప్పి తిప్పి చూసుకుంటూ కనిపించింది. కొత్తగా కాయలు కాసినయి, తెలువలే బిడ్డా అన్నది.

మమత నా దగ్గరికి వచ్చి ఏడ్చింది. బయట తెలిస్తే ఆ కుర్చీలో ఎవరూ కూర్చోరని చెప్పింది. మళ్లీ ఆదిలాబాద్ పంపిస్తే ఆ ఇంట్లో చచ్చిపోతా అన్నది. క్రీము సంగతి బయట చెప్పొద్దని నా చెయ్యి పట్టుకుంది. కలిపి పెట్టుకున్న మిగతా క్రీము ఏదీ అని అడిగాను.

"మోరీల పారబోసిన వదినె. నీ మీద ఒట్టు. ఇంక ఎవ్వలకు రాయ."

నేను ఎండ అని చెప్పాను. అడిగిన ప్రతివాళ్లకూ ఎండ తగిలిందని చెప్పాను. స్కార్ఫు కండ్ల దాకా కట్టుకున్నాను. ఇంట్లో పౌడరు రాసుకున్నాను. కొందరు నమ్మారు. ఆ ఏడు ఎండ కూడా అట్లనే ఉన్నది. పద్మలత నమ్మలేదేమో. రెండు క్వార్టర్ల అవతల ఉంటుంది. ఎండకైతే నుదురు కూడా కాలాలె గదా అక్కా అని ఒక్కసారి అని ఊరుకుంది.

శ్యాంసుందర్ నా మొహం చూడడం మానేశాడు. డాక్టరు దగ్గరి నుంచి వచ్చిన తర్వాత ఒక్కసారి కూడా వెలుతురుకు రమ్మనలేదు. చూడబుద్ధి కావడం లేదనుకున్నాను. తప్పు పట్టలేదు. నాకే అద్దం చూడబుద్ధి అయ్యేది కాదు. అయినా ముందు గదిలో ఉన్నది పెద్ద అద్దం, మిషన్ దగ్గరికి పోవాలంటే దాని ముందు నుంచే పోవాలి.

మే నెలలో పెండ్లిళ్లు మొదలయ్యాయి. పార్లర్ నిండా ఆడపిల్లలు. వాళ్ల బ్యాగులు నా మిషన్ మీద పెట్టేవాళ్లు. మంచిర్యాల నుంచి, శ్రీరాంపూర్ నుంచి కూడా వచ్చేవాళ్లు. మమత చెయ్యి పడితే మొహం మెరుస్తదని చెప్పుకున్నారు. మంచిదే అనుకున్నాను. నా మొహం పోయినా ఆమె నిలబడ్డది.

పద్మలత కూతురు రోజారాణి పెండ్లి కూడా ఆ నెలలోనే. మైలపోలుకు నలుగుపిండి కలపమని పద్మలత మా అత్తను అడగడానికి వచ్చింది. క్వార్టర్లలో ఏ పెండ్లికైనా పిండి భూమవ్వే కలుపుతుంది. నా చెయ్యి మంచిది గాదు బిడ్డా, వేరేటోళ్లను సూసుకో అన్నది భూమవ్వ. మమత అక్కడే కుర్చీ తుడుస్తున్నది, తుడిచిన చోటే మళ్లీ తుడిచింది. శ్యాంసుందర్ పేపరు చదువుతున్నాడు. పేజీ తిప్పాడు.

పెండ్లికి ముందు రోజు మైలపోలు. ఐదుగురు ముత్తైదువలం పెండ్లిపిల్లకు నూనె రాసి, నలుగు పెట్టి స్నానం చేయించాలి. ఆ ఐదుగురిలో నేనొకదాన్ని. మొహానికి మొదటి చెయ్యి నాదే అని పద్మలత అన్నది. రెండు జడలు వేసుకునే వయసు నుంచి రోజాకు జాకెట్లు కుట్టింది నేను.

రోజారాణి పీట మీద కూర్చున్నది. చుట్టూ ఆడవాళ్లు పాట అందుకున్నారు. నేను పిండి చేతిలోకి తీసుకొని ముందుకు వంగాను. కొలతలు తీసేటప్పటిలాగే, మొహానికి మొహం దగ్గరగా.

ముక్కు పక్కల పొట్టు కనిపించింది. మేకప్ వేసి దాచారు, నూనె తగిలి లేచింది. నోటి మూలలు ఎర్రగా ఉన్నాయి. చెంప మీది తోలు కాగితం లాగా మెరుస్తున్నది. నాకు ఉగాదికి ముందు ఉన్నట్టే.

"మొహానికి ఏం రాస్తున్నవ్ బిడ్డా?" అని చిన్నగా అడిగాను.

"మమతక్క ఇచ్చిన క్రీమే అత్తమ్మా."

"ఎప్పటి నుంచి?"

"లగ్గం పెట్టుకున్నప్పటి నుంచి. మీ లెక్క గాదు, నాకు సగమే ఇచ్చింది" అన్నది రోజా. నన్ను ఊరడించడానికి అన్నట్టు అన్నది. "ముందుగాల మీకు నిండుగ రాసి చూసిందట గదా. గప్పుడు తెలిసిందట ఎంత రాయాలెనో. మీకు అట్ల కావట్టే మేము బతికినమని అన్నది మమతక్క. నలుగు జర మెల్లగ పెట్టుమన్నది."

చుట్టూ పాట నడుస్తున్నది. నా చేతిలో పిండి నూనె వదులుతున్నది. మమత గుమ్మంలో నిలబడి ఉన్నది, మరునాటి మేకప్ సామాను సంచి భుజానికి వేసుకొని. ఆమె మా వైపే చూస్తున్నది. ఉగాది నాడు చూసినట్టే చూస్తున్నది.

పెండ్లిపిల్ల మొహానికి నలుగు ఆపితే అరిష్టమంటారు. పెడితే రేపు పీటల మీద ఆ పిల్ల ఎట్లా కూర్చుంటుందో నాకు తెలుసు. ఎందుకు ఆపానో చెప్తే ముందు గదిలో కుర్చీ ఉండదు.

పిండి పళ్లెంలో పెట్టాను.

"మొహానికి వద్దు. కాళ్లకు చేతులకు పెట్టుండ్రి" అన్నాను.

పాట ఆగింది. పద్మలత నా పక్కకు వచ్చింది. ఎందుకద్దు వినోదక్కా అన్నది. నేను చెప్పాను. రోజా రాస్తున్న క్రీము నేను కూడా రాశానని, రాసిన మొహాన్ని రుద్దితే ఏమవుతుందో చూడమని చెప్పి, కొంగుతో చెంప మీది పౌడరు తుడిచాను. అది ఎండ దెబ్బ కాదన్నాను. రెండు ముక్కల్లో అయిపోయింది.

"వదినె, ఇప్పుడు గివన్ని ఎందుకు" అన్నది మమత గుమ్మంలో నుంచి.

పద్మలత కూతురి మొహాన్ని రెండు చేతులతో పట్టుకొని చూస్తున్నది. రోజా ఏడుపు మొదలుపెట్టింది. ఒకామె, శుభమా అని నలుగు పెట్టుకుంటూ ఇదేం మాట అన్నది. రోజా నాయనమ్మ కొమురవ్వ గోడకు ఆనుకొని కూర్చొని ఉన్నది, అక్కడి నుంచే అన్నది.

"శాస్త్రానికి నొసట బొట్టంత పెట్టుండ్రి. పిల్ల మొహం కంటె శాస్త్రం ఎక్కువనా? పాట అందుకోండ్రి."

నొసట బొట్టంత పెట్టారు. పాట మళ్లీ మొదలైంది. మమత సంచి అక్కడే పెట్టి వెళ్లిపోయింది.

నేను ఇంటికి వచ్చేసరికి ఆమె పార్లర్ కుర్చీలోనే కూర్చొని ఉన్నది. నేను నిలబడే అడిగాను.

"నువ్వు రాసుకోలే గదా?"

"లే."

"నాకు ఇచ్చినప్పుడు రాసుకుంటున్న అంటివి."

"నా మొహం చెడితే పార్లర్ ఎట్ల నడుస్తది వదినె? వచ్చేటోళ్లు ముందు నా మొహం చూస్తరు. నీది అంటే..." అని ఆగింది. "నీకు ఎట్లయినా మంగు ఉండె గదా."

నేను ఆమె మొహమే చూస్తూ నిలబడ్డాను. ఆమె ఇంకొంచెం చెప్పింది. కొత్త క్రీము, ముహూర్తాలు దగ్గరికి వచ్చాయి, నిదానంగా చూసే టైము లేదు, అందుకే నిండుగా రాయమన్నా అన్నది. ఉగాది నాడు పిండి వద్దని చెప్పాలనే అనుకున్నదట. చెప్తే అవ్వ క్రీము సంగతి అడుగుతుందని ఊరుకున్నదట. ఇంత అవుతుందని అనుకోలేదన్నది. చివరికి కండ్లు తుడుచుకొని అన్నది.

"నాకేం తెలుసు. బయటోళ్లకు పెట్టకముందు ఇంట్ల చూసుకో అని అన్ననే చెప్పిండు."

శ్యాంసుందర్ షిఫ్టు దిగి వచ్చాడు. దారిలోనే ఎవరో చెప్పినట్టున్నారు, బూట్లు విప్పుతూ నా వైపు చూడలేదు. నేను అడిగాను.

"ముందు ఇంట్ల చూసుకొమ్మన్నది నువ్వేనా?"

"అన్న. తప్పేమున్నది? బయటోళ్లకు అయితే కొట్లాటకు వస్తరు, పోలీసుల దాక పోతరు. ఇంట్ల అయితే మనం మనం సూసుకుంటం."

"నాకు చెప్పకపోయినవ్."

"చెప్తే రాసుకుంటుంటివా?"

"బాయిల గ్యాసు చూడనీకి ముందుగాల నువ్వే పోతవు గదా."

"అది నౌకరి" అన్నాడు.

ఇంకొకటి అడగకుండా ఉంటే బాగుండేది. అడిగాను. రోజు సాయంత్రం తలుపు దగ్గర నా మొహం చూసింది దాని కోసమేనా అన్నాను.

"మరెందుకనుకున్నవ్?" అన్నాడు.

వెటకారానికి అనలేదు. నిజంగానే తెలియక అడిగాడు. అడిగిన తర్వాత నా మొహం చూశాడు, చాలా రోజుల తర్వాత. ఏదో అర్థమైనట్టుంది, బూటు చేతిలో పట్టుకొని అట్లనే నిలబడ్డాడు. నేను ఆ చీరలన్నీ గుర్తు చేసుకున్నాను. ఏ రోజు ఏది కట్టుకున్నానో కూడా గుర్తుకు వచ్చింది.

భూమవ్వ మధ్య గదిలో నుంచి వచ్చింది. ఎంతసేపటి నుంచి వింటున్నదో తెలియదు. కూతురి ముందుకు పోయి నిలబడ్డది.

"నువ్వు రాసుకోలేనా?"

"లేదవ్వా."

"మరి నా చెయ్యి అంటివి."

మమత తల వంచుకుంది. భూమవ్వ కొడుకు వైపు తిరిగింది. నీకు ఎరుకేనా అని అడిగింది. ఆయన చేతిలోని బూటు కింద పెట్టాడు. ఆమె లోపలికి పోయి పడుకుంది. అన్నం తినలేదు.

శ్యాంసుందర్ నన్ను ఒక మాట అడిగాడు. రేపు పెండ్లిలో పద్మలతతో మాట్లాడమన్నాడు. మైలపోలు నాడు తొందరపడ్డానని, అది ఎండకే అయిందని నలుగురిలో ఒక్కమాట అంటే చాలన్నాడు. మమత బతుకు నీ చేతిలో ఉన్నదన్నాడు. నేను లేచి మిషన్ మీద గుడ్డ కప్పాను.

పెండ్లి మంచిర్యాల రోడ్డు మీద ఫంక్షన్ హాల్లో. పొద్దున మొహం కడుక్కొని, మందు రాసుకొని, పౌడరు రాయకుండా బయలుదేరాను. స్కార్ఫు కట్టుకోలేదు. శ్యాంసుందర్ చూశాడు. ఎండ ఉన్నది, కట్టుకో అన్నాడు. కొంగు కప్పుకుంటా అన్నాను. హాలు లోపలికి పోగానే కొంగు తీసేశాను.

రోజా పీటల మీద ఉన్నది. మంచిర్యాల నుంచి వచ్చిన ఎవరో అమ్మాయి ఆమెను తయారు చేసింది. నోటి మూలల ఎరుపు దగ్గరికి పోయి చూస్తే తప్ప కనిపించడం లేదు. మమత కూడా వచ్చింది. రాకపోతే బాగుండదని శ్యాంసుందర్ తీసుకువచ్చాడు. మధ్య వరుసలో ఒక్కతే కూర్చున్నది. ఆమె పక్క కుర్చీలు చివరి దాకా ఖాళీగానే ఉన్నాయి. ఎండలు తగ్గకముందే ఆమె ఆదిలాబాద్ వెళ్లిపోయింది, అత్తగారింటికి కాదు. ఎవరిదో పార్లర్‌లో పని చేస్తున్నదని విన్నాను.

నేను, భూమవ్వ గుమ్మం దగ్గరి కుర్చీల్లో కూర్చున్నాం. వచ్చేవాళ్లంతా మా ముందు నుంచే పోవాలి. నన్ను చూసి కొందరు పలకరించారు. కొందరు చూసి, మైలపోలు నాటి మాట తలుచుకొని, మమత ఎక్కడున్నదో వెతికారు. శ్యాంసుందర్ మగవాళ్లతో కలిసి డైనింగ్ హాలుకు నీళ్ల క్యాన్లు మోస్తున్నాడు. మా ముందు నుంచి పోయిన ప్రతిసారీ నా వైపు చూశాడు. నేను ఆ ఒక్కమాట అంటానేమోనని చూశాడు.

శ్రీరాంపూర్ నుంచి ఒకామె వచ్చింది. వెంట కూతురు ఉన్నది, మమత పార్లర్‌కు వచ్చే పిల్ల. తల్లి నా మొహం చూసి ఆగింది.

"అయ్యో, మీ కోడలు మొహానికి ఏమైందవ్వా? ఎండకా?" అని భూమవ్వను అడిగింది.

శ్యాంసుందర్ అప్పుడే క్యాను దించి అలుపు తీర్చుకుంటున్నాడు. నేను నోరు తెరవకముందే ఆయన అందుకున్నాడు.

"ఎండకే. ఈ ఏడు ఎండలు..."

"ఎండ గాదు" అన్నది భూమవ్వ. గొంతు పెంచలేదు. "నా బిడ్డ చేసింది. నా కొడుకు చేయించిండు."

ఆ తల్లి నా చెంపలు మళ్లీ చూసింది. కూతురు తల్లి చెయ్యి పట్టుకుంది. డైనింగ్ హాల్లో నుంచి ఎవరో నీళ్లు అని పిలిచారు. మళ్లీ పిలిచారు. శ్యాంసుందర్ క్యాను భుజానికి ఎత్తుకొని పోయాడు.

భూమవ్వ పక్క కుర్చీ మీది దుమ్ము చేత్తో తుడిచింది.

"కూసో బిడ్డా, చెప్త" అన్నది.